మన పనికి మన ఆదేశం: ఈమాక్స్‌లో కొత్త కమాండ్‌ను నిర్వచించుకోవడం ఎలా?

విదేశీ వార్తను తెలుగులోకి తెచ్చే అనువాద విభాగాలలో ఒక లెక్క ప్రతిరోజూ జరుగుతూనే ఉంటుంది. మిలియన్‌ను పది లక్షలుగా, బిలియన్‌ను వంద కోట్లుగా మార్చాలి. 3.4 బిలియన్ డాలర్లంటే 340 కోట్ల డాలర్లు. లెక్క చిన్నదే. అయితే గడువు ముంచుకొస్తున్న వేళ ఒక్క సున్నా జారితే 340 కోట్లు 34 కోట్లుగా మారిపోతాయి. వార్తాసంస్థ నుంచి అలా వెలువడిన అంకె, ఆ వార్తను వాడుకునే పత్రికలన్నింటికీ అదే రూపంలో చేరుతుంది.

ఇంత తరచుగా అవసరమయ్యే ఈ మార్పిడికి మనం రాసుకునే సాఫ్ట్‌వేర్‌లో బొత్తాం ఉండదు. ఆంగ్లంలో పెద్ద అక్షరాలను చిన్నవిగా, చిన్నవాటిని పెద్దవిగా మార్చే సదుపాయం మాత్రం దాదాపు ప్రతి ఎడిటర్‌లోనూ ఉంటుంది. తెలుగు లిపిలో ఆ భేదమే లేదు కనుక ఆ సదుపాయంతో తెలుగు రచనకు పనిలేదు. సాఫ్ట్‌వేర్ తయారుచేసినవారికి ఏ పని తెలుసో ఆ పనికే ఆదేశం దొరుకుతుంది. తక్కిన పనులన్నీ వాడేవారి చేతికి, జ్ఞాపకశక్తికి మిగులుతాయి.

ఈ పరిస్థితికి దాదాపు అర్ధ శతాబ్దం కిందటే ఒక పరిష్కారం వచ్చింది. అదే ప్రోగ్రామబుల్ టెక్స్ట్ ఎడిటర్. వాడే వ్యక్తి తనకు కావలసిన ఆదేశాన్ని తానే నిర్వచించి, దానికి పేరు పెట్టి, ఒక మీటకు అప్పగించుకునే వీలు కల్పించే ఎడిటర్ ఇది. వీటిలో ప్రసిద్ధమైనది ఈమాక్స్. కొత్త ఆదేశాన్ని నిర్వచించడమంటే, మనం ఇన్నాళ్లూ చేత్తో చేస్తున్న పనిలో ఏ నియమాన్ని పాటిస్తున్నామో తేటతెల్లంగా చెప్పడమే. అందులోని కష్టమూ అదే, ప్రయోజనమూ అదే.

మాక్రోల నుంచి వచ్చిన పేరు

అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ కృత్రిమ మేధ ప్రయోగశాలలో 1970వ దశకంలో టెకో అనే ఎడిటర్ వాడుకలో ఉండేది. దాని ఆదేశాలను గుదిగుచ్చి 'మాక్రో'లుగా దాచుకునే వీలుండటంతో, అక్కడి పరిశోధకులు ఎవరికి వారు సొంత మాక్రోలు రాసుకున్నారు. ఫలితంగా ఒకరి యంత్రం ముందు మరొకరు కూర్చుంటే ఏ మీట ఏం చేస్తుందో తెలియని స్థితి ఏర్పడింది. రిచర్డ్ స్టాల్‌మన్, గై స్టీల్ 1976లో ఆ మాక్రోలను ఒక పద్ధతిలోకి తెచ్చారు. 'ఎడిటర్ మాక్రోస్' అనే మాటలను కుదించగా ఈమాక్స్ అనే పేరు వచ్చింది. స్టాల్‌మన్ తరువాత స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమానికి ఆద్యుడయ్యారు. నేడు విరివిగా వాడుకలో ఉన్న గ్నూ ఈమాక్స్‌ను ఆయన 1985లో విడుదల చేశారు.

ఆదేశాలు రాసుకోవడం కంప్యూటర్ నిపుణులకే సాధ్యమన్న అభిప్రాయాన్ని తొలినాళ్లలోనే ఒక అనుభవం తిప్పికొట్టింది. బెర్నార్డ్ గ్రీన్‌బర్గ్ 1978లో మల్టిక్స్ అనే వ్యవస్థ కోసం ఈమాక్స్‌ను లిస్ప్ భాషలో కొత్తగా రాశారు. ఆయన కార్యాలయంలోని కార్యదర్శులు సైతం తమకు కావలసిన ఆదేశాలను రాసుకోవడం నేర్చుకున్నారని స్టాల్‌మన్ తరువాతి కాలంలో ఒక ప్రసంగంలో వివరించారు. వారి చేతికి వచ్చిన మార్గదర్శిలో ఎడిటర్‌ను విస్తరించుకునే విధానం ఉంది. అది ప్రోగ్రామింగ్ అన్న మాట మాత్రం ఎక్కడా లేదు. ప్రోగ్రామింగ్ తమ వల్ల కాదని నమ్మినవారు ఆ మాట వినపడకపోవడంతో బెదరలేదు, పని నేర్చుకున్నారు.

ప్రతి మీట వెనుకా ఒక ఆదేశం

ఈమాక్స్ నిర్మాణంలోని కీలకాంశం ఒకటుంది. అందులో మీట నొక్కడానికీ ఆదేశం ఇవ్వడానికీ తేడా లేదు. కర్సర్ కదలడం ఒక ఆదేశం. ఫైలు భద్రపరచడం ఒక ఆదేశం. ఒక అక్షరం మీట నొక్కినప్పుడు తెరపై ఆ అక్షరం పడటం కూడా, 'నొక్కిన అక్షరాన్ని చేర్చు' అనే ఆదేశం అమలు కావడమే. ఏ మీటకు ఏ ఆదేశమన్నది ఒక పట్టికలో ఉంటుంది. ఆ పట్టికను మార్చుకోవచ్చు, దానికి కొత్త వరుసలు చేర్చుకోవచ్చు.

ఎడిటర్ అంతర్భాగంలో కొంత సి భాషలో ఉండగా, ఆదేశాలలో అత్యధికం ఈమాక్స్ లిస్ప్ అనే భాషలో ఉన్నాయి. వాడుకరి రాసుకునే ఆదేశం కూడా ఆ భాషలోనే ఉంటుంది. అందువల్ల తయారీదారు రాసిన ఆదేశానికీ, మనం రాసిన ఆదేశానికీ ఈమాక్స్ దృష్టిలో హోదా భేదం లేదు. రెంటినీ ఒకేవిధంగా పిలవవచ్చు, ఒకేవిధంగా మార్చవచ్చు.

మొదటి మెట్టు: రాయకుండానే నేర్పడం

భాష నేర్చుకోకముందే వాడదగిన సదుపాయం మీటల మాక్రో. ఎఫ్3 మీట నొక్కితే ఈమాక్స్ మన మీటలను గుర్తుపెట్టుకోవడం మొదలుపెడుతుంది. చేయవలసిన పనిని ఒక్కసారి చేసి చూపి, ఎఫ్4 నొక్కి ఆపాలి. ఆ తరువాత ఎఫ్4 నొక్కిన ప్రతిసారీ అదే పని తిరిగి జరుగుతుంది. వంద పంక్తుల జాబితాలో ప్రతి పంక్తి మొదటి మాటను చివరికి తరలించడం వంటి పనులకు ఇది చాలు. ఇలా నేర్పిన మాక్రోకు పేరు పెట్టి భద్రపరచుకోవచ్చు.

అయితే మాక్రోకు తెలిసింది మీటల వరుస మాత్రమే. 3.4ను 100తో గుణించడం గానీ, 'ఇలా ఉంటే ఇది చేయి, లేకుంటే వదిలేయి' అని తర్కించడం గానీ దానికి సులువుగా పట్టుబడవు. అక్కడినుంచి నిర్వచనం అవసరమవుతుంది.

ఆదేశానికి నాలుగు అంగాలు

బిలియన్లను కోట్లలోకి మార్చే ఆదేశాన్ని ఉదాహరణగా తీసుకుందాం. పాఠకుల సౌకర్యం కోసం ఇక్కడ అన్ని పదాలనూ తెలుగు లిపిలో ఇస్తున్నాం. కంప్యూటర్‌లో రాసేటప్పుడు డీఫన్, ఇంటరాక్టివ్, లిస్ట్, రీడ్-నంబర్, ఇన్సర్ట్, నంబర్-టు-స్ట్రింగ్ అనే మూలపదాలు ఆంగ్ల లిపిలో ఉండాలి. తక్కినవి తెలుగులోనే ఉండవచ్చు.

(డీఫన్ బిలియన్-కోట్లు (సంఖ్య)
  "బిలియన్ల సంఖ్యను కోట్లలోకి మార్చి చేర్చుతుంది."
  (ఇంటరాక్టివ్ (లిస్ట్ (రీడ్-నంబర్ "ఎన్ని బిలియన్లు? ")))
  (ఇన్సర్ట్ (నంబర్-టు-స్ట్రింగ్ (* 100 సంఖ్య)) " కోట్లు"))

మొదటి పంక్తిలో 'డీఫన్' అంటే 'ఈ ఫంక్షన్‌ను నిర్వచిస్తున్నాను' అని అర్థం. దాని పక్కనే పేరు, ఆపై కుండలీకరణాలలో ఆ పనికి కావలసిన సమాచారం ఉంటాయి. రెండో పంక్తి వివరణ. ఈ ఆదేశం గురించి ఈమాక్స్‌ను అడిగినప్పుడు తెరపై కనిపించేది ఇదే. మూడో పంక్తిలోని 'ఇంటరాక్టివ్' అన్నింటికంటే ముఖ్యమైనది. అది లేకపోతే మనం రాసింది ఇతర ప్రోగ్రాములు పిలుచుకునే సాధారణ ఫంక్షన్‌గానే మిగులుతుంది. అది ఉంటేనే మనిషి పిలవదగిన ఆదేశమవుతుంది. సమాచారాన్ని మనిషి నుంచి ఎలా రాబట్టాలో కూడా ఆ పంక్తే చెబుతుంది. ఇక్కడ 'ఎన్ని బిలియన్లు?' అని అడిగి, సంఖ్య ఇచ్చేదాకా వదలదు. నాలుగో పంక్తి అసలు పని: సంఖ్యను 100తో గుణించి, వచ్చిన ఫలితాన్ని 'కోట్లు' అనే మాటతో కలిపి కర్సర్ ఉన్నచోట చేర్చడం.

తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది. లిస్ప్‌లో కుండలీకరణం సాధారణంగా క్రియతో మొదలవుతుంది. 'వందను సంఖ్యతో గుణించు' అనడానికి బదులు 'గుణించు, వంద, సంఖ్య' అన్న వరుస ఉంటుంది. ఈ ఒక్క అలవాటు కుదిరితే భాషలో సగం బెరుకు పోయినట్లే.

ఈ నాలుగు పంక్తులను రాసి, చివరి కుండలీకరణం తరువాత కర్సర్ ఉంచి, కంట్రోల్-ఎక్స్, కంట్రోల్-ఈ నొక్కితే నిర్వచనం అప్పటికప్పుడు అమలులోకి వస్తుంది. ఎడిటర్‌ను మూసి తెరవనక్కరలేదు. ఆ తరువాత ఆల్ట్, ఎక్స్ మీటలు కలిపి నొక్కి 'బిలియన్-కోట్లు' అని పేరు రాస్తే ఆదేశం పలుకుతుంది.

పేర్లు ఏ లిపిలోనైనా ఉండవచ్చునన్నది ఈమాక్స్ లిస్ప్‌లోని విశేషం. తెలుగు టైపు చేయడానికి ఇన్‌స్క్రిప్ట్, ఐట్రాన్స్ పద్ధతులు కూడా ఈమాక్స్‌లో అంతర్భాగంగానే వస్తాయి.

110.00000000000001 కోట్లా?

పై ఆదేశానికి 3 ఇస్తే '300 కోట్లు' అని వస్తుంది. 1.1 ఇస్తే మాత్రం '110.00000000000001 కోట్లు' అని తేలుతుంది. ఇందులో ఈమాక్స్ దోషం లేదు. కంప్యూటర్ దశాంశాలను ద్విసంఖ్యామానంలో దాచుకుంటుంది. మూడింట ఒక వంతును మనం దశాంశాలలో పూర్తిగా రాయలేనట్లే, 1.1ను అది కచ్చితంగా పట్టి ఉంచలేదు. ఆ సూక్ష్మమైన తేడా గుణకారం తరువాత బయటపడుతుంది.

దీనిని సరిదిద్దబోతేనే అసలు ప్రశ్న ఎదురవుతుంది. ఫలితాన్ని దగ్గరి పూర్ణాంకానికి సవరిస్తే 110 వస్తుంది, చూడటానికి బాగుంటుంది. అయితే అదే నియమం 1.2345 బిలియన్‌కు వర్తిస్తే 123.45 కోట్లు కాస్తా 123 కోట్లవుతాయి. 45 లక్షలు మాయమవుతాయి. కంపెనీ ఆదాయాన్ని గురించిన వార్తలో ఆ కుదింపు సమ్మతమే కావచ్చు. వరద బాధితుల సహాయనిధి లెక్కలో కాకపోవచ్చు.

చేత్తో మార్చేటప్పుడు ఈ నిర్ణయాన్ని ప్రతి అనువాదకుడూ తనకు తెలియకుండానే తీసుకుంటాడు. ఒకరు సవరిస్తారు, ఒకరు 'సుమారు' చేరుస్తారు, మరొకరు అంకెలన్నీ ఉంచుతారు. ఆదేశాన్ని నిర్వచించేవారికి ఆ వెసులుబాటు లేదు. ఎన్ని దశాంశ స్థానాలు ఉంచాలో చెప్పి తీరాలి. రెండు స్థానాలు చాలనుకుంటే, సంఖ్యను 10000తో గుణించి, పూర్ణాంకానికి సవరించి, తిరిగి 100.0తో భాగించాలి. అప్పుడు 1.1కు 110.0, 1.2345కు 123.45 వస్తాయి. నలుగురు కలిసి పనిచేసే చోట ఈ ఒక్క పంక్తి రాయడానికి ముందు జరిగే చర్చ, ఆ పంక్తి కంటే విలువైనది.

కంటికి కనిపించని అక్షరాలు

తెలుగులో పనిచేసేవారికి సొంత ఆదేశాలు ఎంతగా ఉపకరిస్తాయో చెప్పడానికి మరి రెండు ఉదాహరణలు చాలు.

మొదటిది తెలుగు అంకెలు. పాత గ్రంథాల పాఠాన్ని యూనికోడ్‌లోకి ఎక్కించినప్పుడు ౧, ౨, ౩ వంటి అంకెలు వస్తాయి. నేటి పత్రికలు వాడేది 1, 2, 3. యూనికోడ్‌లో ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఉంటుంది. తెలుగు సున్నా నుంచి తొమ్మిది వరకు 3174 నుంచి 3183 దాకా వరుసగా ఉన్నాయి. సాధారణ అంకెలు 48 నుంచి 57 దాకా ఉన్నాయి. రెంటికీ తేడా ఎల్లప్పుడూ 3126. కనుక ఆదేశంలో చెప్పవలసింది ఒక్క వాక్యమే: ఎంపిక చేసిన భాగంలో 3174, 3183 మధ్య ఉన్న ప్రతి అక్షరం నుంచి 3126 తీసివేసి, వచ్చిన అక్షరాన్ని దాని స్థానంలో ఉంచు. ఉదాహరణకు ౫ సంఖ్య 3179. అందులోంచి 3126 తీస్తే 53, అంటే 5. ఈమాక్స్ అక్షరాలను సంఖ్యలుగానే చూస్తుంది కనుక ఈ తీసివేత నేరుగా సాధ్యమవుతుంది.

రెండోది మరింత సూక్ష్మమైనది. 'సాఫ్ట్‌వేర్' వంటి మాటల్లో పొల్లు తరువాత అక్షరం ఒత్తుగా మారకుండా ఆపడానికి ఒక కనిపించని అక్షరం వాడతాం. దాని సంఖ్య 8204. మాట మధ్యలో దాని అవసరం ఉంది. అయితే కొన్ని కీబోర్డులు దానిని మాట చివర కూడా చేరుస్తాయి. అప్పుడు తెరపై ఒకేలా కనిపించే రెండు మాటలు కంప్యూటర్‌కు వేర్వేరు మాటలవుతాయి. ఒకదానిని వెతికితే రెండోది దొరకకపోవచ్చు. అక్షరక్రమంలో పేర్చిన జాబితాలో ఒకే పేరు రెండుసార్లు నిలుస్తుంది. ఓటర్ల జాబితా నుంచి పదకోశం దాకా పేర్లతో పని ఉన్న ప్రతిచోటా ఇది నిజమైన చిక్కు.

ఇక్కడ గుడ్డిగా అన్నింటినీ తొలగిస్తే 'సాఫ్ట్‌వేర్' చెడిపోతుంది. నియమం ఇలా ఉండాలి: 8204 తరువాత వచ్చే అక్షరం యూనికోడ్‌లో తెలుగుకు కేటాయించిన 3072–3199 పరిధిలో ఉంటే వదిలేయి, లేకపోతే తొలగించు. కంటికి కనిపించని దోషాన్ని కంటితో వెతకలేం. నియమంతోనే పట్టుకోగలం. ఆదేశాలకు తెలుగు పేర్లు పెట్టేవారు కూడా ఈ అక్షరాన్ని గమనించుకోవాలి. పేరు చివర అది చేరితే 'అలాంటి ఆదేశం లేదు' అని ఈమాక్స్ బదులిస్తుంది.

మీట కేటాయింపు, భద్రపరచడం

తరచుగా వాడే ఆదేశాన్ని ప్రతిసారీ పేరుతో పిలవడం శ్రమ. దానిని ఒక మీటకు కట్టవచ్చు. కంట్రోల్-సి నొక్కి ఆ తరువాత ఒక అక్షరం నొక్కే కలయికలను వాడుకరుల కోసమే ఖాళీగా ఉంచాలన్నది ఈమాక్స్ సంప్రదాయం. ఎఫ్5 నుంచి ఎఫ్9 వరకు ఉన్న మీటలూ అంతే. ఈ హద్దులో ఉంటే మన ఏర్పాటు మరో పొడిగింపుతో తలపడదు.

నిర్వచనాన్నీ, మీట కేటాయింపునూ ఈమాక్స్ ప్రారంభ ఫైలులో రాసి పెడితే ఎడిటర్ తెరిచిన ప్రతిసారీ అవి సిద్ధంగా ఉంటాయి. ఆ ఫైలు క్రమంగా ఒక మనిషి పని విధానానికి లిఖిత రూపమవుతుంది. మరో కంప్యూటర్‌కు మారినప్పుడు దానిని వెంట తీసుకెళ్లవచ్చు, సహోద్యోగికి ఇవ్వవచ్చు.

జాగ్రత్తలు తప్పనిసరి

ఈ స్వేచ్ఛకు కొన్ని ప్రమాదాలు తోడుగా ఉన్నాయి. మొదటిది పేరు విషయం. ఇప్పటికే ఉన్న ఆదేశం పేరునే కొత్తదానికి పెడితే, పాతది మారుమాట లేకుండా పక్కకు తప్పుకొని కొత్తది దాని స్థానంలోకి వస్తుంది. దానిపై ఆధారపడిన ఇతర పనులు తలకిందులు కావచ్చు. సొంత ఆదేశాల పేర్లకు ముందు ఒక గుర్తు చేర్చడం మంచిది. తెలుగు పేర్లు పెట్టుకుంటే ఈ చిక్కు దాదాపుగా తప్పుతుంది.

రెండోది మరింత గంభీరమైనది. ఈమాక్స్ లిస్ప్‌కు కంచె లేదు. వాడుకరి కంప్యూటర్‌లో ఏమేమి చేయగలడో అతడి ఆదేశమూ అవన్నీ చేయగలదు: ఫైళ్లు తుడిచివేయగలదు, ఇతర ప్రోగ్రాములను నడపగలదు. ఎవరో రాసిన నిర్వచనాన్ని అర్థం చేసుకోకుండా ప్రారంభ ఫైలులో అతికించడమంటే, ఇంటి తాళం చెవిని అపరిచితుడి చేతిలో పెట్టడమే. 1999 మార్చిలో ప్రపంచాన్ని కలవరపెట్టిన మెలిస్సా వైరస్ మైక్రోసాఫ్ట్ వర్డ్ మాక్రో రూపంలోనే వచ్చింది. పత్రాన్ని తెరిచినవారి చిరునామాల పుస్తకం నుంచి 50 మందికి తనను తాను పంపుకొన్నది. రాతపనిని సులువు చేసే శక్తే అపకారానికీ పనికి వచ్చింది.

మూడోది సాధారణ వివేకం. కొత్త ఆదేశాన్ని అసలు పత్రంపై కాక నకలుపై పరీక్షించాలి. ఫలితం తెలిసిన అంకెలతో మొదలుపెట్టాలి. ప్రారంభ ఫైలులో పొరపాటు దొర్లి ఎడిటర్ సరిగా తెరుచుకోకపోతే, ఆ ఫైలును పక్కనపెట్టి ఈమాక్స్‌ను తెరిచే మార్గం కూడా ఉంది.

ఇతర ఎడిటర్లలో

ఈ సదుపాయం ఈమాక్స్‌కే పరిమితం కాదు. 1991లో వెలువడిన విమ్‌లోనూ వాడుకరి ఆదేశాలను నిర్వచించవచ్చు. అయితే అక్కడ పేరు ఆంగ్ల పెద్ద అక్షరంతోనే మొదలు కావాలి. విమ్ సొంత ఆదేశాలతో కలవకుండా చేసిన ఏర్పాటు అది. పెద్ద అక్షరాలే లేని తెలుగు లిపికి అక్కడ చోటు లేకుండా పోయింది. మైక్రోసాఫ్ట్ 2015లో విడుదల చేసిన విజువల్ స్టూడియో కోడ్‌లో కొత్త ఆదేశం కోసం సాధారణంగా ఒక ఎక్స్‌టెన్షన్ రూపొందించాలి. వర్డ్‌లో, లిబ్రే ఆఫీస్‌లో మాక్రోలు ఉన్నాయి. సూత్రం అన్నిటా ఒకటే. తలుపు ఎంత దూరంలో ఉంది, ఎంత తెరిచి ఉంది అన్నదే తేడా.

ఎక్కడ మొదలుపెట్టాలి?

కంట్రోల్-హెచ్, కె నొక్కి, ఆపై ఏ మీట నొక్కినా అది పిలిచే ఆదేశం పేరును, వివరణను ఈమాక్స్ చూపుతుంది. అక్కడినుంచి ఆ ఆదేశాన్ని రాసిన మూల ప్రోగ్రాములోకి కూడా వెళ్లవచ్చు. ఉన్న ఆదేశాన్ని చదివి, నకలు తీసి, పేరు మార్చి, ఒక్క పంక్తి సవరించడం చాలామంది అనుసరించే తొలి పాఠం. ప్రోగ్రామర్లు కానివారి కోసం రాబర్ట్ చాసెల్ రాసిన ఈమాక్స్ లిస్ప్ పరిచయ గ్రంథం కూడా ఎడిటర్‌తో పాటే ఉచితంగా లభిస్తుంది. అది ఆంగ్లంలో ఉంది.

తొలి ఆదేశంగా దేనిని ఎంచుకోవాలన్న ప్రశ్నకు జవాబు వాడుకరి దినచర్యలోనే దొరుకుతుంది. ఒక వారం పాటు ఏ పనిని పదేపదే చేస్తున్నామో గమనించాలి. ఆ పనిని మరొకరికి అప్పగించవలసి వస్తే ఏమని చెబుతామో, మినహాయింపులతో సహా, తెలుగులో నాలుగు వాక్యాలుగా రాసుకోవాలి. ఆ వాక్యాలలో సందిగ్ధం లేకపోతే ఆదేశం దాదాపు సిద్ధమైనట్లే. వాటిని లిస్ప్‌లోకి మార్చడం కూడా ఒక అనువాదమే.